రెండు ట్రిప్పుల మధ్య ఇల్లు: ఆర్వీ ఉన్నవాళ్ళు బిల్లులూ ఇంటి పనులూ ఎలా చూసుకోవాలి

ఆర్వీ, అంటే లోపలే పడక, వంట, బాత్రూమ్ ఏర్పాట్లున్న ప్రయాణాల బండి, కొన్నవాళ్ళం ఎప్పుడు కలిసినా దారుల గురించే మాట్లాడుకుంటాం, ఎటు వెళ్ళాలి, రాత్రి ఎక్కడ ఆగాలి అని. నిజంగా టెన్షన్ పెట్టేది మాత్రం తిరిగొచ్చాక ఇంట్లో ఉండే ఆ నాలుగైదు వారాలు. ఎందుకంటే బండి కొన్న రోజు నుంచి మనకున్నది ఒక ఇల్లు కాదు, రెండు ఇళ్ళు. ఒకదాంట్లో మనం ఉంటే రెండోది ఖాళీగా ఉంటుంది, ఖాళీగా ఉంది కదా అని దాని ఖర్చు ఆగదు. రోడ్డు మీద ఉన్నా ఇంటి కరెంటు బిల్లు వస్తుంది, ఇంట్లో కూర్చున్నా బండి ఈఎంఐ, ఇన్సూరెన్స్, పార్కింగ్ అద్దె పోతూనే ఉంటాయి. ఇది మా ఇద్దరికీ ఒంటబట్టడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు మేం పాటించేది ఇంతే: ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో హాయిగా బతకాలి, రెండోదాన్ని ఒద్దికగా పడుకోబెట్టి రావాలి, బిల్లుల్ని మాత్రం మన జ్ఞాపకశక్తికి వదలకుండా కాగితానికి అప్పగించాలి.

ముందు ఆ కాగితం

నోట్‌బుక్‌లో ఒక పేజీ చాలు, ఎక్సెల్ షీట్ అలవాటున్నవాళ్ళు అందులో పెట్టుకోవచ్చు. ఇంటివీ బండివీ కలిపి ఒక్కో బిల్లుకీ ఒక్కో వరుస: బిల్లు పేరు, కస్టమర్ నంబరు, బిల్లు తయారయ్యే తేదీ, కట్టాల్సిన ఆఖరి తేదీ, మామూలుగా ఎంత వస్తుంది, దానంతట అదే కట్ అవుతుందా మనం కట్టాలా, ఏ అకౌంట్ నుంచి, ఏ కార్డు నుంచి. ఈ ఆఖరి గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, దయచేసి వదలకండి.

మాకు జరిగింది చెప్తాను. ఆరు వారాల ట్రిప్‌లో ఉండగా నా కార్డు గడువు అయిపోయింది. కొత్త కార్డు పోస్టులో ఇంటికి వచ్చి డబ్బాలో పడి ఉంది. ఆ పాత కార్డు మీద నాలుగు బిల్లులు ఆటోపేలో ఉన్నాయి, అందులో ఒకటి ఇంటి ఇన్సూరెన్స్ వాయిదా. మూడు కంపెనీలు ఫోన్‌కి మెసేజ్ పంపాయి, ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రం ఉత్తరం రాశారు. వచ్చిన రెండో రోజు ఆ కవరు చింపి చూస్తే పాలసీ ఆగిపోయి అప్పటికే తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో ఇంటికేమీ కాలేదు, నిజమే. కానీ ఆ ట్రిప్‌కి వెళ్ళేటప్పుడు నీళ్ళ మెయిన్ వాల్వ్ కూడా మూయలేదని అప్పుడే గుర్తొచ్చింది, ఆ కవరు పట్టుకుని హాల్లో అలాగే నిలబడిపోయాను. అప్పటి నుంచి ఏ కార్డు మీద ఏ బిల్లులున్నాయో కాగితం మీద రాసి ఉంటుంది, కార్డు గడువుకి మూడు నెలల ముందే ఫోన్‌లో గుర్తు పెట్టుకుంటాను, కొత్త కార్డు రాగానే ఆ జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ మార్చేస్తాను. ఇన్సూరెన్స్, కరెంటు, ఇంటి లోన్ లాంటి ముఖ్యమైనవి కార్డు మీద పెట్టకుండా నేరుగా బ్యాంకు అకౌంట్‌కి మార్చుకున్నాను, ఎందుకంటే కార్డులు మారినట్టు అకౌంట్ నంబరు మారదు.

ఆటోపే గురించి ఇంకో రెండు మాటలు. క్రెడిట్ కార్డు బిల్లుకి ఆటోపే పెట్టేటప్పుడు మొత్తం కట్టమని పెట్టారా, కనీస మొత్తం కట్టమని పెట్టారా చూసుకోండి. కనీస మొత్తం ఎంచుకుంటే ఆలస్య రుసుము పడదు కానీ మిగిలినదాని మీద వడ్డీ పెరుగుతూ పోతుంది, ట్రిప్‌లో ఉన్నప్పుడు ఇది అస్సలు కంటికి కనపడదు. రెండోది, ఆటోపే ఉందంటే బిల్లు కట్టేస్తారని అర్థం, ఎవరో బిల్లు చదువుతున్నారని కాదు. నీళ్ళ బిల్లు ఒక్కసారిగా రెండింతలైనా అది నోరెత్తకుండా కట్టేస్తుంది, అంతకు ముందు నెలలో పైపు ఎక్కడో కారడం మొదలైందని మనకి చెప్పేవాళ్ళే ఉండరు. అందుకే మామూలుగా ఎంత వస్తుందో రాసుకోమన్నాను. నెలకొకసారి, ఎక్కడున్నా సరే, పదిహేను నిమిషాలు కూర్చుని వచ్చిన మొత్తాల్ని ఆ అంకెల పక్కన పెట్టి చూడండి.

కట్టాల్సిన తేదీలు నెలంతా చెల్లాచెదురుగా ఉంటే ఒక పని చేయొచ్చు. చాలా కంపెనీలు అడిగితే తేదీ మారుస్తాయి. జీతమో పెన్షనో పడిన వారంలోకే వీలైనన్ని బిల్లులు జరిపించుకుంటే నెలలో మిగిలిన మూడు వారాలు మనసుకి హాయి. ఆ అకౌంట్‌లో కనీసం ఒక నెల బిల్లులకి సరిపడా డబ్బు ఎప్పుడూ కదపకుండా ఉంచండి. ట్రిప్ ఖర్చులకి వేరే కార్డు వాడండి. డీజిలూ, క్యాంపు అద్దే, ఇంటి కరెంటూ ఒకే స్టేట్‌మెంట్‌లో కలిస్తే ఇంటి ఖర్చు ఎంతో, తిరుగుడు ఖర్చు ఎంతో ఎవరికీ తెలియదు, తెలియని ఖర్చుని తగ్గించడం ఎవరి వల్లా కాదు.

ఏడాదికోసారి వచ్చే బిల్లులు

నన్నడిగితే ఆర్వీ ఉన్నవాళ్ళని దెబ్బతీసేది నెలవారీ బిల్లులు కావు. ఇంటి పన్ను, ఇంటి ఇన్సూరెన్స్, బండి ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, దారిలో బండి ఆగిపోతే సాయానికి వచ్చే మెంబర్‌షిప్, ఇలా ఏడాదికో ఆరు నెలలకో ఒకసారి వచ్చేవి. నెల బడ్జెట్‌లో అవి కనపడవు, తీరా పెద్ద ట్రిప్‌కి బయలుదేరే ముందు రెండు కలిసి వస్తాయి. దీనికి తెలివితేటలేం అక్కర్లేదు. అన్నిటినీ కూడి 12తో భాగించి, వచ్చిన మొత్తాన్ని ప్రతి నెలా విడిగా ఒక అకౌంట్‌లోకి వెళ్ళేలా పెట్టేయండి. టైర్లూ బ్యాటరీలూ కూడా ఇదే జాబితాలోకి ఎక్కించండి. అవి బిల్లులు కాకపోయినా ఏదో ఒక ఏడాది బిల్లులాగే వచ్చి కూర్చుంటాయి.

బండి నెలల తరబడి కదలకుండా ఉంటుందనుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ళని ఒక మాట అడగండి. కొన్నిచోట్ల బండి నిలిపి ఉంచిన కాలానికి దొంగతనం, మంటలు, తుఫాను లాంటివాటికి మాత్రమే కవరేజీ ఉంచి మిగతాది తగ్గిస్తారు, ప్రీమియం కూడా తగ్గుతుంది. అయితే రోడ్డెక్కే ముందు ఫోన్ చేసి మళ్ళీ పూర్తి కవరేజీ తెరిపించుకోవాలి, ఆ సంగతి బండి స్టీరింగ్ మీదే చీటీ రాసి అంటించండి. అలాగే ఇంటి పాలసీ కూడా తీసి చదవండి. చాలా పాలసీల్లో ఇల్లు వరసగా 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకి పరిహారం ఇవ్వమని ఒక క్లాజు ఉంటుంది. మీ ట్రిప్ అంతకంటే పొడవైతే ముందే వాళ్ళకి చెప్పి, వాళ్ళు ఏం చేయమంటారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఓటీపీ, ఉత్తరాలు, మీటరు

సిగ్నల్ లేని చోట ఆగినప్పుడు బ్యాంకు ఓటీపీ రాక తిప్పలు పడనివాళ్ళు మనలో తక్కువే. అవకాశం ఇచ్చే ప్రతి అకౌంట్‌కీ ఎస్సెమ్మెస్ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. ఆ యాప్ ఫోన్‌లో దాచుకున్న రహస్య కీనీ, ఫోన్ గడియారాన్నీ కలిపి సాధారణంగా 30 సెకన్లకో కొత్త కోడ్ తనే తయారుచేస్తుంది, దానికి సిగ్నల్‌తో పనే లేదు. ఊరవతల ఏదో ఒక వైఫై దొరికి, ఎస్సెమ్మెస్ మాత్రం రానప్పుడు ఇది ప్రాణం కాపాడుతుంది. ఫోన్ పోతే వాడుకునే బ్యాకప్ కోడ్‌లని కాగితం మీద రాసి ఒక కాపీ ఇంట్లో, ఒక కాపీ బండిలో పెట్టండి. ఇద్దరున్న ఇంట్లో ఇద్దరికీ బిల్లుల సంగతి తెలిసి ఉండాలి, ఇది నేను గట్టిగా చెప్తాను. మా ఆయనకి ఒకసారి ట్రిప్ మధ్యలో జ్వరం వచ్చి నాలుగు రోజులు లేవలేదు, కరెంటు బిల్లు లాగిన్ ఆయన ఫోన్‌కే కట్టి ఉంది. నీరసంగా పడుకున్న మనిషిని లేపి పాస్‌వర్డ్ అడగాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది.

బిల్లులన్నీ ఈమెయిల్‌కి మార్చుకున్నా ప్రభుత్వ నోటీసులు, కోర్టు కాగితాలు, పన్ను ఉత్తరాలు ఇంకా కవర్లలోనే వస్తుంటాయి. వారానికోసారి డబ్బా తెరిచి కవర్ల మీది పేర్లు ఫోటో తీసి పంపే మనిషి ఒకరుండాలి. లోపలిది చదవాలో వద్దో మీరు అక్కడి నుంచే చెప్పొచ్చు.

మీటరు సంగతి చాలామందికి తట్టదు. రీడింగ్ తీసే మనిషికి మీటరు దగ్గరికి వెళ్ళే దారి దొరక్కపోతే అంచనా బిల్లు వేస్తారు, తర్వాత అసలు రీడింగ్ తీసినప్పుడు తేడా అంతా ఒకే బిల్లులో దిగుతుంది. కాబట్టి వెళ్ళే రోజు కరెంటు మీటరు, నీళ్ళ మీటరు ఫోటో తీయండి, వచ్చిన రోజు మళ్ళీ తీయండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు నీళ్ళ మీటరు ఒక్క అంకె కూడా కదలకూడదు. కదిలిందంటే ఎక్కడో కారుతోంది. కరెంటు యూనిట్లని రోజులతో భాగిస్తే మనం లేకుండా ఇల్లు రోజుకెంత తింటుందో తేలుతుంది. మొదటిసారి లెక్క వేసినప్పుడు గీజర్, పాత రెండో ఫ్రిజ్, టీవీ కింద డబ్బాలు కలిసి ఎంత లాగుతున్నాయో చూసి నేను ఆ రోజే ఆ రెండో ఫ్రిజ్ వదిలించుకున్నాను.

ఇంటిని పడుకోబెట్టడం

ఇది అసలు పెద్ద పనేం కాదు, అరగంట. కానీ ఒక వరసలో చేయాలి. నీళ్ళ మెయిన్ వాల్వ్ మూసి, ఒక కుళాయి తిప్పి పైపుల్లో ఒత్తిడి వదిలేయండి. ఖాళీ ఇంట్లో నీళ్ళతో నష్టం ఎక్కువగా వచ్చేది వాషింగ్ మెషిన్ గొట్టం పగలడం లాంటి చిన్న విషయాలతోనే, మనం ఇంట్లో ఉంటే ఐదు నిమిషాల్లో చూసేవాళ్ళం. గీజర్ కరెంటుదైతే బోర్డు దగ్గరే ఆపేయండి, ట్యాంకులో నీళ్ళు లేకుండా ఎలిమెంట్ వేడెక్కితే మాడిపోతుంది. ఫ్రిజ్‌ని నెల దాటి వదిలేటట్టయితే ఖాళీ చేసి, తుడిచి, ప్లగ్ తీసి, తలుపు సందుగా ఉంచండి. మూసేస్తే బూజు పడుతుంది. నడుస్తూ ఉండాల్సిన ఫ్రీజర్ ఉంటే గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి పైన ఒక నాణెం పెట్టి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి నాణెం మంచు లోపలికి దిగిపోయి ఉంటే మధ్యలో కరెంటు చాలాసేపు పోయి అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, లోపలున్నవన్నీ నిస్సంకోచంగా పారేయండి.

బాత్రూమ్ జాలీల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి కారణం తెలియక మేం ఒక ఏడాది ప్లంబర్‌ని రెండుసార్లు పిలిచాం. ప్రతి జాలీ కింద పైపు ఒక వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలబడి ఉండి డ్రైనేజీ గాలిని లోపలికి రానీయకుండా అడ్డుకుంటాయి. ఇల్లు కొన్ని వారాలు వాడకపోతే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, అప్పుడు వాసనా పురుగులూ రెండూ అదే దారిన లోపలికి వస్తాయి. బయలుదేరే ముందు ప్రతి జాలీలో ఒక చెంబు నీళ్ళు పోసి, ఆఖర్న రెండు చెంచాల నూనె వేయండి. నూనె పైన తేలి నీళ్ళు ఆవిరవకుండా ఆపుతుంది. వాడని గెస్ట్ బాత్రూమ్, వాషింగ్ మెషిన్ పక్కన ఉండే జాలీ మర్చిపోకండి, మాకు వాసన వచ్చింది సరిగ్గా అక్కడి నుంచే.

వచ్చిన మొదటి రెండు రోజులు

వచ్చిన రాత్రి బిల్లుల జోలికి వెళ్ళకండి. అలసటలో చేసిన లెక్క మళ్ళీ చేయాల్సిందే. ఆ రాత్రి చేయాల్సినవి: మెయిన్ వాల్వ్ మెల్లగా తెరిచి ఎక్కడైనా కారుతోందేమో వినడం, కిటికీలు తీయడం, కుళాయిలన్నీ కొన్ని నిమిషాలు వదలడం. పైపుల్లో నిలవున్న నీళ్ళలో, ముఖ్యంగా 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో, లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది తాగడం వల్ల కంటే తుంపర్లుగా పీల్చడం వల్ల ఊపిరితిత్తులకి ప్రమాదం. అందుకని షవర్ కింద వెంటనే నిలబడొద్దు, షవర్‌ని బకెట్‌లోకి వంచి తుంపర్లు లేవకుండా కాసేపు వదిలేయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇది తప్పనిసరి.

రెండో రోజు పొద్దున కవర్లు, ఆ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ ఒకే బల్ల మీద. అదే రోజు డాక్టరు, పళ్ళ డాక్టరు, కళ్ళజోడు, బండి సర్వీస్ అపాయింట్‌మెంట్లు అన్నీ వరసగా ఫోన్ చేసి పెట్టేసుకోండి, ఇంట్లో ఉండే వారాలు కళ్ళ ముందే అయిపోతాయి.

బండిని పడుకోబెట్టడం

ఇంట్లో అడుగు పెట్టాక బండి సంగతి వారం రోజులు వాయిదా వేయాలనిపిస్తుంది. వద్దు. టాయిలెట్ ట్యాంకు, వాడిన నీళ్ళ ట్యాంకు ఇంటికి రాకముందే, దారిలోనే డంప్ స్టేషన్‌లో (ఆర్వీ ట్యాంకుల్లోని మురుగు వదిలే చోటు) ఖాళీ చేసి కడిగి రండి. మంచినీళ్ళ ట్యాంకు కూడా ఖాళీ చేయండి. మళ్ళీ నింపే ముందు 60 లీటర్ల నీళ్ళకి సుమారు 60 మిల్లీలీటర్ల వాసన కలపని మామూలు బ్లీచ్ కలిపి, ప్రతి కుళాయిలోంచీ ఆ నీళ్ళు వచ్చేదాకా పంపు నడిపి, రాత్రంతా ఉంచి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడిగేయండి. చలికి నీళ్ళు గడ్డకట్టే చోటైతే పైపులు పూర్తిగా ఖాళీ చేయడం తప్పదు.

బ్యాటరీ విషయంలో ఒక చిన్న లెక్క. అన్ని స్విచ్‌లూ ఆపేసినా గ్యాస్ లీకేజీ అలారం, రేడియో మెమరీ లాంటివి కొంచెం కొంచెం కరెంటు లాగుతూనే ఉంటాయి. అవన్నీ కలిపి అర ఆంపియర్ అనుకోండి, రోజుకి 12 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కాబట్టి నాలుగు రోజుల్లో దాని పని అయిపోతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ కాసేపు విశ్రాంతిగా ఉంచాక 12.6 వోల్టుల పైన చూపిస్తుంది, 12.2 దగ్గరికి వచ్చిందంటే సగం అయినట్టే, అలాగే వారాల తరబడి వదిలితే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ పూర్తిగా చార్జ్ తీసుకోదు. డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపండి, లేకపోతే నెగటివ్ వైరు తీసేయండి, నెలకోసారి చార్జ్ చేయండి. లిథియం బ్యాటరీ అయితే నిండుగా కాకుండా సగం చార్జ్‌తో ఉంచి వైర్లు తీసేయడం మంచిది.

గ్యాస్ సిలిండర్ వాల్వ్ మూయండి, లోపలి ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచండి. టైరు పక్క గోడ మీద చివర ఉండే నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. ఆర్వీ టైర్లు అరిగిపోయేలోపే ముసలివైపోతాయి, ఐదారేళ్ళు దాటాయంటే గీతలు ఎంత బాగున్నా మెకానిక్‌కి చూపించాలి. పైకప్పు అతుకుల దగ్గర సీలెంట్ పగిలిందేమో రెండు మూడు నెలలకోసారి నిచ్చెన వేసి చూడండి, ఆర్వీని లోపల్నుంచి కుళ్ళబెట్టేది అక్కడి నుంచి దిగే నీళ్ళే.

సామాను విషయంలో నాకు బాగా ఉపయోగపడింది ఒకటుంది. దుప్పట్లు, తువ్వాళ్ళు, బ్రష్‌లు, గిన్నెలు, మందుల పెట్టె అన్నీ రెండు సెట్లు పెట్టుకున్నాం, బండివి బండిలోనే ఉంటాయి. ఉతికినవి ఇంటి బీరువాలోకి కాకుండా తిన్నగా బండిలోకే వెళ్తాయి. బండి తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంటుంది, ట్రిప్‌లో ఏదైనా అయిపోతే అప్పుడే దాని మీద రాస్తాం, వచ్చిన వారంలో కొని పెట్టేస్తాం. తర్వాత బయలుదేరే ముందు రోజు ఇల్లంతా వెతకడం ఆగిపోయింది.

బయలుదేరే రోజు

తాళం చెవి, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, కరెంటు బోర్డు ఎక్కడుందో రాసిన చీటీ పక్కింటివాళ్ళకో దగ్గరివాళ్ళకో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒకసారి వాళ్ళ చేతే ఆ వాల్వ్ తిప్పించండి, అవసరమైనప్పుడు అది ఎటు తిప్పాలో చీటీ చదువుకుంటూ తెలుసుకునే తీరిక ఉండదు. మీరు లేని రోజుల్లో గడువు ఉన్న బిల్లుల్ని కాగితం మీద గుండ్రంగా చుట్టి, ఆటోపేలో లేనివి ఏవైనా ఉంటే ముందే కట్టేయండి. ఇక చివరగా మీటర్లు, మూసిన వాల్వ్, ఆపిన గ్యాస్ స్టవ్, తాళం వేసిన వెనక తలుపు, ఒక్కొక్కటీ ఫోటో తీసుకోండి. రెండు గంటలు ప్రయాణం చేశాక మా ఆయన తప్పకుండా అడుగుతారు, వాల్వ్ మూశామా అని. నేను ఫోన్ తీసి చూపిస్తాను, బండి ముందుకే వెళ్తుంది.